పుట్టిన రోజు నుంచే పోతపాలు: నిర్ణయం మీదైతే, పద్ధతి ఇది

బిడ్డకు మొదటి రోజు నుంచి పోతపాలే పట్టాలని కొందరు తల్లులు ముందే నిర్ణయించుకుంటారు. కొందరి విషయంలో వైద్యమే ఆ నిర్ణయం చేస్తుంది. తల్లి కీమోథెరపీ తీసుకుంటూ ఉండవచ్చు, క్యాన్సర్ వల్ల రొమ్ములు తొలగించి ఉండవచ్చు, బిడ్డకు పాలలోని చక్కెరను ఒళ్లు వాడుకోలేని గెలాక్టోసీమియా అనే జన్యులోపం ఉండవచ్చు. దత్తత తీసుకున్న ఇళ్లలోనూ, తల్లిని పోగొట్టుకున్న పసికందుల విషయంలోనూ చాలాసార్లు వేరే దారి ఉండదు. ఇవేవీ లేకున్నా, మొదటి కాన్పు తర్వాత నెలల తరబడి నొప్పితో, నిద్రలేమితో, కుంగుబాటుతో నలిగిపోయి, రెండోసారి అలా వద్దని మనసు స్థిరం చేసుకున్నవారూ ఉన్నారు. వారందరి కోసం ఇది రాస్తున్నాను.

తల్లిపాలు మేలైనవని నేనూ గట్టిగా నమ్ముతాను. తల్లిపాలు తాగే బిడ్డలకు విరేచనాలు, న్యుమోనియా, చెవి ఇన్ఫెక్షన్లు తక్కువగా వస్తాయి. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప మరేదీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మాట ఇక్కడ ఒక్కసారి చెప్పి ముందుకు వెళతాను. ఎందుకంటే నిర్ణయం అయిపోయిన తల్లికి చుట్టూ ఉన్నవారు ఇదే మాట పదేపదే చెబుతారు గానీ, సీసా ఎంతసేపు మరిగించాలో, పొడి ఎంత వేయాలో చెప్పేవారు దొరకరు. పోతపాల వల్ల బిడ్డకు వచ్చే జబ్బులు ఎక్కువగా మూడింటి నుంచి వస్తాయి: కలిపే నీళ్లు, తప్పిన కొలత, సరిగా శుభ్రం చేయని సీసా. మూడూ మీరు సరిచూసుకోగలిగినవే.

1. కాన్పుకు ముందే ఆసుపత్రిలో చెప్పండి

ఏడో నెల, ఎనిమిదో నెల పరీక్షలకు వెళ్లినప్పుడే మీ వైద్యురాలికి విషయం చెప్పండి. చాలా ఆసుపత్రుల్లో బిడ్డ పుట్టిన గంటలోపే తల్లి రొమ్ముకు అందిస్తారు. వైద్యులు రాసి ఇవ్వనిదే పోతపాలు పట్టనివ్వరు. అది మంచి నియమమే. కానీ పురుటినొప్పుల మధ్య మీ నిర్ణయాన్ని వివరించే ఓపిక మీకు ఉండదు. అందుకే కేసు షీటులో ముందే రాయించుకోండి. పాలపొడి ఆసుపత్రి ఇస్తుందా, మీరే తెచ్చుకోవాలా, మరిగించిన నీళ్లు, శుభ్రం చేసిన గిన్నెలు వార్డులో ఉంటాయా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

మందుల వల్ల పాలు ఇవ్వకూడదని మీరు అనుకుంటుంటే మాత్రం ఒకసారి ఆగి, ఆ మందు పేరు చెప్పి అడగండి. థైరాయిడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, హెపటైటిస్ బి ఉన్నవారు పాలు ఇవ్వవచ్చు. హెపటైటిస్ బి ఉన్న తల్లి బిడ్డకు పుట్టగానే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా వేయిస్తారు. హెచ్ఐవీ ఉన్న తల్లులు, దానికి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో మాట్లాడకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. క్రమం తప్పకుండా మందులు వాడుతుంటే తల్లిపాలు ఇవ్వవచ్చనే మన దేశంలో సలహా ఇస్తారు. హెచ్ఐవీ ఉన్నప్పుడు కాసిని తల్లిపాలు, కాసిని పోతపాలు కలిపి పట్టడమే ఎక్కువ ప్రమాదం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ సంగతి వేరు. అలాంటి బిడ్డల పేగులు చాలా సున్నితంగా ఉంటాయి. పోతపాలు తాగే తక్కువ బరువు బిడ్డల్లో పేగులు కుళ్లే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. మీరు ముందు ఏమి నిర్ణయించుకున్నా, బిడ్డ తొందరపడి పుడితే దాత తల్లుల పాలు దొరుకుతాయా అని అడగండి. హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది.

ఇంకొక్క మాట. ఇది రెండింటిలో ఒకటే ఎంచుకోవాల్సిన విషయం కాదు. మొదటి రెండు మూడు రోజులు ముర్రుపాలు మాత్రం పట్టి, తర్వాత పోతపాలకు మారే తల్లులున్నారు. పగలు ఒకటి, రాత్రి ఒకటి పట్టేవారూ ఉన్నారు. హెచ్ఐవీ లేని తల్లులకు ఇందులో అభ్యంతరం లేదు. మొదటి వారాల్లో మనసు మారితే మళ్లీ పాలు పడేలా చేసుకోవచ్చు, ఆలస్యమయ్యే కొద్దీ అది కష్టమవుతుంది.

2. ఏ డబ్బా కొనాలి

"పుట్టినప్పటి నుంచి" లేదా "స్టేజ్ 1" అని రాసి ఉన్న శిశు పాలపొడినే కొనండి. టీలో కలిపే పాలపొడి, పెద్ద పిల్లలకు ఇచ్చే పోషక పొడులు, గేదె పాలు, ఆవు పాలు, మేక పాలు, వీటిలో ఏదీ నవజాత శిశువుకు పనికిరాదు. ఏడాది నిండేదాకా పశువుల పాలను ప్రధాన ఆహారంగా ఇవ్వకూడదు. వాటిలో ప్రొటీన్, ఉప్పు ఎక్కువ, ఇనుము తక్కువ. ఆ భారం పసివాళ్ల మూత్రపిండాల మీద పడుతుంది.

ఖరీదైన డబ్బాలోని పాలు మెరుగైనవన్న నమ్మకం చాలామందిలో ఉంది. స్టేజ్ 1 పొడుల్లో ఏవి ఎంతెంత ఉండాలో చట్టమే నిర్దేశిస్తుంది. కాబట్టి నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు మధ్యరకం ధర డబ్బా చక్కగా సరిపోతుంది. లాక్టోజ్ లేనివి, సోయావి, ప్రొటీన్‌ను ముందే విడగొట్టినవి వైద్యులు రాస్తేనే వాడాలి. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ డబ్బా మార్చకండి.

మన దేశంలో 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ఉంది. 2003లో దాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. దాని ప్రకారం ఈ పొడులకు ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత నమూనాలు పంచకూడదు, డబ్బా మీద తల్లి బొమ్మ గానీ బిడ్డ బొమ్మ గానీ వేయకూడదు. ఎవరైనా "ఈ డబ్బా ఉచితం, వాడి చూడండి" అంటే తీసుకోకండి. ఏది కొనాలో పిల్లల వైద్యుడిని అడగండి.

కొనే ముందు నెల ఖర్చు లెక్క వేసుకోండి, ఇది నిజంగా ముఖ్యం. నాలుగు కిలోల బిడ్డ రోజుకు సుమారు 600 మిల్లీలీటర్లు తాగుతుంది. దానికి దాదాపు 80 నుంచి 90 గ్రాముల పొడి పడుతుంది. అంటే 400 గ్రాముల డబ్బా నాలుగైదు రోజులు వస్తుంది, నెలకు ఆరేడు డబ్బాలు. బిడ్డ ఆరు కిలోలకు వచ్చేసరికి మూడు రోజులకో డబ్బా కావాలి. మీరు చూసిన ధరతో దీన్ని గుణించండి. నెలాఖరులో డబ్బులు సరిపోక పొడి తగ్గించి నీళ్లు పెంచడం ఎన్నో ఇళ్లలో జరుగుతుంది. బిడ్డకు అంతకన్నా హాని లేదు. ఖర్చు మీకు భారమవుతుందనిపిస్తే, కొంతైనా తల్లిపాలు కొనసాగించే విషయం ఇప్పుడే ఆలోచించుకోండి.

3. సీసానా, ఉగ్గుగిన్నెనా

కొత్తగా కొనే సీసాలు నాలుగో ఆరో ఉంటే రోజంతా ఇబ్బంది లేకుండా గడుస్తుంది. గాజువి, స్టీలువి త్వరగా గీతలు పడవు, మరిగించినా పాడవవు. ప్లాస్టిక్‌వైతే ఐఎస్‌ఐ గుర్తు, బీపీఏ అనే హానికర రసాయనం లేదన్న మాట చూసి కొనండి. మూలలు, మెలికలు లేని, బ్రష్ అడుగు దాకా వెళ్లే వెడల్పు మూతి సీసా తీసుకోండి. పీకల్లో నవజాత శిశువుకని రాసి ఉన్న నెమ్మదిగా కారే రకం ఎంచుకోండి. పాలు త్వరగా రావాలని సూదితో రంధ్రం పెద్దది చేయకండి, బిడ్డకు పొలమారుతుంది.

మన అమ్మమ్మలు వాడిన ఉగ్గుగిన్నె గురించీ చెప్పాలి. ముక్కు ఉన్న ఆ చిన్న వెండి లేదా స్టీలు గిన్నెను సీసా కన్నా ఎన్నో రెట్లు సులువుగా కడగవచ్చు. పాలు దాక్కునే చోటే అందులో ఉండదు. మన పిల్లల వైద్యులు సీసా కన్నా గిన్నె, చెంచాలనే సిఫారసు చేస్తారు. నవజాత శిశువుల వార్డుల్లో పాలడై అనే పేరుతో వాడేది ఇలాంటిదే. మీ ఇంట్లో నీళ్లకు, గ్యాస్‌కు ఇబ్బంది ఉన్నా, సీసాలు మరిగించే తీరిక ఉండదనుకున్నా ఉగ్గుగిన్నెకే నా ఓటు. నర్సు దగ్గర ఒకసారి నేర్చుకోండి. బిడ్డను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, గిన్నె అంచును కింది పెదవికి ఆనించి, బిడ్డ తనంతట తాను చప్పరించేలా వంచాలి. నోట్లో పోయకూడదు.

4. నీళ్లు ఎక్కడివో తెలుసుకోండి

పాలపొడి గురించి ఎంత ఆలోచించినా, సీసాలో ఉండేది ఎక్కువగా నీళ్లే. మున్సిపల్ కుళాయి నీళ్లు, ఆర్వో నీళ్లు, క్యాను నీళ్లు, ఏవైనా సరే మరిగించాలి. క్యాను నీళ్లు శుభ్రమైనవని నేరుగా కలపడం పొరపాటు.

మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి, నీటిలో కరిగి ఉన్నవి పోవు. తెలుగువారిలో చాలామందికి ఇది తప్పక తెలియాలి. నల్లగొండ జిల్లాలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంతంలోనూ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తరతరాలుగా ఎముకలను, పళ్లను దెబ్బతీసింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మరిగించిన కొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి అవి తాగే బిడ్డకు ఈ ముప్పు లేదు. పోతపాలు తాగే బిడ్డకు మాత్రం ప్రతి సీసాలోనూ చేరుతుంది. ఎరువులు బాగా వాడే పొలాల దగ్గరి బావుల్లో, బోర్లలో నైట్రేట్ ఉంటుంది. అది ఎక్కువైతే మొదటి నెలల్లో బిడ్డ రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలం రంగుకు తిరుగుతుంది. అలాంటి ఊళ్లలో ఉంటే బోరు నీళ్లు వద్దు. మిషన్ భగీరథ వంటి శుద్ధి చేసిన నది నీళ్లు గానీ, బాగా నిర్వహించే ఆర్వో నీళ్లు గానీ తెచ్చుకుని మరిగించండి. అనుమానం ఉంటే నీటి పరీక్ష చేయించండి.

5. కడగడం, మరిగించడం

పాలు పట్టడం అయిన వెంటనే సీసాను విడదీసి చన్నీళ్లతో తొలపండి. పాలు ఎండిపోతే బ్రష్‌కు కూడా రావు. తర్వాత సబ్బు నీటిలో, బిడ్డ సామానుకు మాత్రమే వాడే బ్రష్‌తో, బిడ్డకే ప్రత్యేకించిన గిన్నెలో తోమండి. వంటింటి సింకులో వేసి, ఎంగిలి పళ్లేల పీచుతో తోమవద్దు. పీకను తిరగేసి లోపల కూడా కడగాలి. దాని అంచున పాల జిగురు పట్టుకుని ఉంటుంది.

తర్వాత పెద్ద గిన్నెలో అన్నీ నీళ్లలో పూర్తిగా మునిగేలా వేసి, లోపల గాలి బుడగలు లేకుండా చూసి, నీళ్లు తెర్లడం మొదలైనప్పటి నుంచి పది నిమిషాలు మరిగించండి. మూతపెట్టి చల్లారనిచ్చి, వాడే ముందే తీయండి. పట్టకారు కూడా అదే నీళ్లలో మరగాలి. గుడ్డతో తుడవకండి. పీక జిగటగా మారినా, ఉబ్బినా, చీలినా పారేయండి. ఆవిరితో పనిచేసే స్టెరిలైజర్ కొనగలిగితే చేతికి సులువు, తప్పనిసరి మాత్రం కాదు.

6. కలపడం

పాలపొడి సూక్ష్మక్రిములు లేని పదార్థం కాదు, తెరవని డబ్బాలోనైనా అంతే. క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా అందులో చేరి ఉండే అవకాశం ఉంది. ఇది అరుదుగానే జబ్బు చేస్తుంది, చేసిందంటే రెండు నెలలలోపు పసివాళ్లకు ప్రాణాంతకం. దాన్ని చంపాలంటే కలిపే నీరు కనీసం 70 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన డబ్బాల మీద చాలావాటిపై "మరిగించి, గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లు" అని ఉంటుంది. విటమిన్లు, మేలు చేసే బ్యాక్టీరియా దెబ్బతినకూడదని కంపెనీల ఆలోచన. నా సలహా ఇది: మొదటి రెండు నెలలూ, నెలలు నిండకుండా పుట్టినా, బిడ్డ బలహీనంగా ఉన్నా వేడినీళ్ల పద్ధతినే పాటించండి. మీ పిల్లల వైద్యుడిని కూడా ఈ ప్రశ్న సూటిగా అడగండి. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవాళ్లకు పొడి కాకుండా నేరుగా పట్టే ద్రవరూప పాలు దొరుకుతాయి. అవి క్రిమిరహితమైనవి, మొదటి వారాలకు మంచివి, ఖర్చు మాత్రం ఎక్కువ.

పద్ధతి ఇలా. చేతులు సబ్బుతో కడుక్కోండి. కనీసం ఒక లీటరు నీళ్లు బాగా మరిగించి మూతపెట్టండి. అరగంటలోపు వాడితే 70 డిగ్రీల పైనే ఉంటాయి. గ్లాసెడు నీళ్లు మరిగిస్తే అవి ఇంకా త్వరగా చల్లారిపోతాయి. ముందు నీళ్లు సీసాలో పోసి, సీసాను బల్ల మీద పెట్టి, కంటి ఎత్తులో గీత చూడండి. తర్వాతే పొడి. ముందు పొడి వేసి గీత దాకా నీళ్లు పోస్తే కొలత చిక్కగా వస్తుంది.

మన దగ్గర దొరికే చాలా డబ్బాల్లో 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక చెంచా పొడి. అన్నీ ఒకేలా ఉండవు కాబట్టి మీ డబ్బా మీద చదవండి, ఆ డబ్బాలోని చెంచానే వాడండి. పాత డబ్బా చెంచా కొత్త డబ్బాలో వేసుకోవద్దు. పొడిని నొక్కకుండా తీసి, శుభ్రమైన చాకు వీపుతో అంచుకు సమంగా గీయండి. సగం చెంచాలు, గుప్పిళ్లు, కుప్పలు వద్దు. పలచగా కలిపితే బిడ్డ బరువు పెరగదు, ఒంట్లో సోడియం పడిపోయి మూర్ఛ రావచ్చు. చిక్కగా కలిపితే మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గిపోవడం. చక్కెర, బెల్లం, తేనె, బియ్యపు పిండి, బిస్కెట్టు పొడి, ఏదీ కలపకండి.

మూతపెట్టి బాగా గిలకొట్టి, మూత ఉన్న సీసాను చన్నీళ్ల గిన్నెలో పెట్టి చల్లార్చండి. నీళ్లు పీకను తాకకూడదు. మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేసుకుంటే గోరువెచ్చగా తగలాలి. మైక్రోవేవ్‌లో వేడి చేయవద్దు. సీసా చల్లగా ఉన్నట్టే ఉండి, మధ్యలో పాలు నోరు కాలేంత మరుగుతాయి.

కలిపిన పాలు రెండు గంటల్లోపు వాడాలి. బిడ్డ నోరు పెట్టాక గంటలోపు. మిగిలింది పారబోయండి, ఎంత ఖరీదైన పాలైనా సరే. ప్రతిసారీ అప్పటికప్పుడే కలపడం అన్నిటికన్నా మేలు. తప్పక ముందే కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలంటే తలుపులో కాకుండా లోపలి అరలో, 5 డిగ్రీలలోపు, 24 గంటల వరకు. వేసవిలో కరెంటు గంటల కొద్దీ పోయే చోట ఈ పద్ధతి నమ్ముకోవద్దు.

రాత్రికీ ప్రయాణానికీ ఫ్లాస్కు మంచి తోడు. మరిగే నీళ్లతో ఒకసారి తొలిపి, నిండా మరిగే నీళ్లు పోసి బిగిస్తే కొన్ని గంటల పాటు 70 డిగ్రీల పైన ఉంటాయి. పొడిని చెంచాల లెక్కన చిన్న పొడి డబ్బాల్లో విడిగా తీసుకెళ్లండి. బస్టాండులో టీ కొట్టు వేడినీళ్లతో ఎప్పుడూ కలపకండి.

7. ఎంత పట్టాలి, ఎప్పుడు పట్టాలి

మొదటి రోజు బిడ్డ పొట్ట చాలా చిన్నది. కిలో బరువుకు రోజంతటికీ దాదాపు 60 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, రోజురోజుకీ పెంచుతూ, వారం తిరిగేసరికి కిలోకు 150కి చేరతారు. మూడు కిలోల బిడ్డ వారం తర్వాత రోజుకు 450 మిల్లీలీటర్లు తాగుతుంది, రోజుకు ఎనిమిదిసార్లయితే పూటకు 50 నుంచి 60. ఇది సగటు లెక్క. ఒక పూట 40 తాగి మరో పూట 70 తాగితే కంగారు పడనక్కర్లేదు.

గడియారం కన్నా బిడ్డ సైగలు చూడండి. నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, పెదవులు చప్పరించడం ఆకలి గుర్తులు. ఏడుపు అన్నిటికన్నా చివర వస్తుంది. తల పక్కకు తిప్పుకుంటే, పీకను నాలుకతో బయటికి నెడితే, వేళ్లు వదులైతే కడుపు నిండినట్టు. సీసాలో ఇంకా పది మిల్లీలీటర్లు మిగిలాయని బలవంతం చేయకండి. పోతపాలు తాగే బిడ్డలు అవసరానికి మించి బరువు పెరగడానికి ఈ "ఖాళీ చేయించడం" ఒక కారణం. మొదటి వారాల్లో మాత్రం నాలుగు గంటలు దాటి నిద్రపోతే లేపి పట్టండి.

పాలు సరిపోతున్నాయా అన్నదానికి డైపరే సాక్షి. అయిదారు రోజుల వయసు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. పుట్టాక బరువు కొంత తగ్గడం సహజం, 10 శాతం మించకూడదు, రెండు వారాలలోపు పుట్టిన బరువుకు చేరాలి. తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. 6, 10, 14 వారాల టీకాలకు వెళ్లినప్పుడు బరువు తూయించి, తల్లీబిడ్డల కార్డులోని గీత మీద గుర్తు పెట్టించండి.

8. పట్టే తీరు

బిడ్డను పడుకోబెట్టి పట్టవద్దు. తల ఎత్తుగా ఉండేలా మోచేతి మీద ఆనించుకోండి. సీసాను దాదాపు అడ్డంగా, పీక నిండేంత మాత్రం వంచి పట్టుకోండి. పీకతో పై పెదవిని తాకించి, బిడ్డ నోరు తెరిచాక లోపలికి ఇవ్వండి. కాసేపటికోసారి సీసా కిందికి దించి ఊపిరి తీసుకోనివ్వండి. ఒక పూటకు పదిహేను ఇరవై నిమిషాలు పట్టడం మంచిది. మధ్యలోనూ, అయ్యాకా భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. కొద్దిగా పాలు కక్కడం మామూలే.

సీసాకు దిండు ఆనించి బిడ్డ నోట్లో పెట్టి వెళ్లిపోవడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఊపిరితిత్తుల్లోకి పాలు పోతాయి, చెవి ఇన్ఫెక్షన్లు వస్తాయి. పాలు పట్టేటప్పుడు మీ చర్మం బిడ్డ చర్మానికి తగిలేలా పట్టుకోండి, కళ్లలోకి చూస్తూ మాట్లాడండి. తల్లీబిడ్డల దగ్గరితనం పాలు ఎక్కడి నుంచి వచ్చాయన్న దాని మీద ఆధారపడి లేదు. తండ్రి కూడా చొక్కా విప్పి గుండెల మీద పడుకోబెట్టుకుని పట్టవచ్చు. రాత్రి ఒంటి గంట పూట ఆయనకే అప్పగించండి. మొదటి వారాల్లో మాత్రం పాలు పట్టే చేతులు ఇద్దరు ముగ్గురివే అయితే బిడ్డకు నెమ్మదిగా ఉంటుంది. చూడవచ్చిన బంధువులందరికీ సీసా ఇవ్వనక్కర్లేదు.

9. మీ ఒంటి సంగతి

మీరు పాలు ఇవ్వకపోయినా, కాన్పు తర్వాత రెండో రోజుకో నాలుగో రోజుకో పాలు పడతాయి. రొమ్ములు గట్టిపడి, సలపరించి, కొద్దిగా జ్వరం వచ్చినట్టు ఉంటుంది. దీని గురించి ముందుగా ఎవరూ చెప్పరు, అందుకే చాలామంది భయపడిపోతారు. బాగా సరిపోయే, గట్టిగా పట్టి ఉంచే లోదుస్తు రాత్రింబవళ్లు వేసుకోండి. చల్లటి గుడ్డ కాపడం పెట్టండి. పారాసిటమాల్ వాడవచ్చు. భరించలేకపోతే ఒత్తిడి తగ్గేంత మాత్రం పిండేయండి, మొత్తం ఖాళీ చేస్తే ఇంకా పడతాయి. వేడినీళ్లు నేరుగా రొమ్ముల మీద పోసుకోకండి. వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఎర్రగా కమిలి, చలిజ్వరం వస్తే వెంటనే చూపించుకోండి.

మన ఇళ్లలో పెద్దలు రొమ్ములకు మల్లెపూలు కట్టమంటారు. ఆ మాట కొట్టిపారేయనక్కర్లేదు. వెల్లూరు సీఎంసీ వైద్యులు మల్లెపూలను పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మాత్రలతో పోల్చి చూసి, 1988లో ఆ ఫలితాలు ప్రచురించారు. రక్తంలో పాలను పుట్టించే హార్మోన్‌ను మాత్ర ఎక్కువగా తగ్గించింది. పాలు తగ్గడంలో, గట్టిదనం తగ్గడంలో పూలు కూడా అంతే పనిచేశాయి. బ్రోమోక్రిప్టిన్‌ను పాలు ఆపడానికి వాడటం మాత్రం దుష్ప్రభావాల వల్ల అమెరికాలో 1990లలో ఆపేశారు. ఇప్పుడు వైద్యులు పాలు ఆపడానికి ఒక్కోసారి కాబెర్గోలిన్ అనే మాత్ర రాస్తారు. రక్తపోటు, గుండె జబ్బు, మానసిక సమస్యలు ఉన్నవారు ఆ విషయం చెప్పకుండా వేసుకోకూడదు.

మరో ముఖ్యమైన సంగతి. పాలు ఇవ్వని తల్లికి నెల తిరగకుండానే అండం విడుదల కావచ్చు, నెలసరి రాకముందే గర్భం రావచ్చు. కాన్పు అయిన 21 రోజుల నుంచి జాగ్రత్త అవసరం. ఏ పద్ధతి మంచిదో ఆసుపత్రి నుంచి వచ్చేముందే అడగండి, ఎందుకంటే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు కాన్పు తర్వాత కొన్ని వారాల దాకా అందరికీ క్షేమం కాదు.

10. ఇంట్లో మాటలు, పాత అలవాట్లు

"పాలు పడలేదా?" అన్న ప్రశ్న బాలింత గదిలోకి వచ్చే ప్రతివారి నోటా వస్తుంది. అత్తగారికి, అమ్మగారికి నిర్ణయం ముందే చెప్పి, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే బాధ్యత మీ భర్తకు అప్పగించండి. "డాక్టరమ్మతో మాట్లాడాం పిన్నీ, బిడ్డ బాగుంది" అన్నది చాలు. మీరు వివరణ ఇచ్చుకోవాల్సిన అవసరం లేదు. రోజుల తరబడి ఏడుపు ఆగకపోయినా, బిడ్డను చూడాలనిపించకపోయినా వైద్యురాలికి చెప్పండి, అది చికిత్సతో తగ్గే జబ్బు.

పెద్దల ప్రేమ ఒక్కోసారి బిడ్డ నోటిదాకా వస్తుంది. పుట్టగానే తేనె నాకించడం, ఆముదం చుక్క వేయడం, మాటలు త్వరగా రావాలని వస అరగదీసి పెట్టడం, తేనెలో కస్తూరి మాత్ర, ఉబ్బసం రాకుండా గాడిద పాలు. పోతపాలు ఎలాగూ పడుతున్నారు కదా, వీటికేమిటని అంటారు. ఏడాదిలోపు తేనె వల్ల బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. ఆముదం పొలమారితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గాడిద పాలు పచ్చివే పట్టడం వల్ల క్రిములు బిడ్డ కడుపులోకి చేరతాయి. గ్రైప్ వాటర్, గ్లూకోజు నీళ్లు, దాహానికని మంచినీళ్లు కూడా ఆరు నెలల దాకా వద్దు. ఎండాకాలంలో పోతపాలు తాగే బిడ్డకు కాస్త ఎక్కువసార్లు పాలు పడితే చాలు, నీళ్లు అవసరమా అన్నది వైద్యుడే చెప్పాలి.

11. వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు

మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే మందు వేసి చూద్దామనుకోవద్దు, నేరుగా వెళ్లండి. పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా, మాడు లోపలికి పోయినా, ఆకుపచ్చని వాంతి అయినా, మూర్ఛ వచ్చినా అంతే. రెండు నుంచి ఎనిమిది వారాల వయసులో తాగిన ప్రతిసారీ పాలు దూరంగా చిమ్మినట్టు వాంతి చేస్తుంటే పొట్ట కింది ద్వారం బిగుసుకుపోయి ఉండవచ్చు, దానికి చిన్న ఆపరేషన్ అవసరం. మలంలో రక్తం, జిగురు కనిపిస్తే ఆవు పాల ప్రొటీన్ పడకపోవచ్చు.

పచ్చకామెర్లు రెండు వారాలు దాటినా తగ్గక, మలం సున్నంలా తెల్లగా ఉంటే అదే రోజు చూపించండి. కాలేయ నాళాలు మూసుకుపోయే జబ్బు అయితే ప్రతి వారం విలువైనదే. పోతపాల వల్ల మలం మామూలుగా పసుపు గోధుమ రంగులో, తల్లిపాల బిడ్డ మలం కన్నా గట్టిగా ఉంటుంది. రోజు విడిచి రోజు వెళ్లినా మెత్తగా ఉంటే ఫరవాలేదు. గట్టి ఉండలుగా వస్తుంటే ముందుగా మీ కొలత చెంచాను, నీళ్ల గీతను మళ్లీ సరిచూసుకోండి.

విటమిన్ డి చుక్కలు ఎన్ని వేయాలో మొదటి సందర్శనలోనే అడగండి. ఆరు నెలలు నిండగానే మెత్తగా మెదిపిన అన్నం, పప్పు, కూరగాయలు మొదలవుతాయి, పాలు కొనసాగుతాయి. స్టేజ్ 2 డబ్బాకు మారడం తప్పనిసరి కాదు. స్టేజ్ 1 పాలే ఏడాది దాకా సరిపోతాయి. ఏడాది నిండాక మరిగించిన ఆవు పాలో గేదె పాలో గ్లాసుతో ఇవ్వవచ్చు. అప్పటికి సీసా మాన్పించడం మొదలుపెడితే పళ్లు పుచ్చకుండా ఉంటాయి.